కంటికి కనిపించని పనికి ఖరీదు

మన కర్మాగారంలో రంగు పనులకు అంచనాలు తయారుచేసే బాధ్యతలో నేను ఇరవై ఆరు సంవత్సరాలుగా ఉన్నాను. క్రేన్లు నడిచే గాంట్రీలు, పైపులైన్లు, నీటి ట్యాంకులు, కన్వేయర్లను మోసే ఉక్కు స్తంభాలు, వీటిలో ఏదో ఒకదానికి ప్రతి ఏటా రంగు వేయించవలసి వస్తూనే ఉంటుంది. ఉప్పుగాలి వీచే విశాఖ తీరంలో ఇనుముకు రంగే రక్షణ కవచం. అయినా అంచనా పత్రం పైకి వెళ్లిన ప్రతిసారీ "రంగే కదా, ఇంత మొత్తం ఎందుకు?" అనే ప్రశ్న తిరిగి వస్తుంది. ఆ ప్రశ్న సహజమైనదే. చూసేవారి కంటికి చివరి పూత తప్ప మరేమీ కనిపించదు. గ్రిట్ బ్లాస్టింగుతో తుప్పును ‘ఎస్.ఎ. రెండున్నర’ అనే స్థాయికి, అంటే లోహం దాదాపు తెల్లగా తేలేంతవరకు, తొలగించటం, పరంజా కట్టటం, ధూళి తుడవటం, ప్రైమరు వేసి ఆరనివ్వటం, ప్రతి పూత మందాన్నీ మైక్రాన్లలో కొలిచి నమోదు చేయటం, ఖర్చులో అధికభాగం వీటిదే.

రంగు పనిలో శ్రమంతా రంగు కిందనే దాగి ఉంటుంది. ఈ విషయం ఉద్యోగరీత్యా నాకు తెలిసినదే. కాని అది ఒక మనిషి జీవనోపాధితో ఎంతగా ముడిపడి ఉన్నదో బోధపడింది మాత్రం, మా మేనల్లుడు గాజువాక ఆటోనగర్‌లో కార్లకు రంగులు వేసే షెడ్డు పెట్టిన తరువాతనే. మన సహోద్యోగుల పిల్లలలో ఇటువంటి వృత్తిలో ప్రవేశించదలచినవారు కొందరున్నారు. కార్లు, స్కూటర్లు ఉండి వాటికి రంగు వేయించేవారు మనలో అనేకులు. ఉభయులకూ ఉపయోగపడగలవన్న ఆశతో ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

మా మేనల్లుడు ఐ.టి.ఐ.లో పెయింటరు ట్రేడు పూర్తిచేసి, ఒక పెద్ద వర్క్‌షాపులో ఏడేళ్లు పనిచేశాడు. మొదటి రెండేళ్లూ అతనిని గన్ను ముట్టనివ్వలేదు. గరుకు కాగితం, బకెట్టు నీళ్లు, మాస్కింగు టేపు, ఇవే అతని పనిముట్లు. మూడో ఏట ప్రైమరు, ఆ తరువాత బంపర్లు, చివరికి బానెట్లు చేతికి వచ్చాయి. చేయి బాగా కుదిరింది. 2021లో సొంతంగా షెడ్డు పెట్టుకుంటానన్నాడు. మా చెల్లెలు తన నాలుగు గాజులు కుదువపెట్టి డబ్బు ఇచ్చింది. దానితో పాత కంప్రెసరు ఒకటి, గన్నులు రెండు, ఒక శాండరు, గాలిలోని తేమను పట్టే ఫిల్టరు కొన్నాడు. ప్రైమరు గన్నుకు నాజిలు పెద్దది, 1.7 మిల్లీమీటర్లు. రంగు గన్నుకు చిన్నది, 1.3. ఇద్దరు కుర్రవాళ్లను పనిలో చేర్చుకున్నాడు. పని తెలుసు, పనిముట్లున్నాయి. తెలియనిదల్లా ఒక్కటే, ధర చెప్పటం. వర్క్‌షాపులో ధర కంప్యూటరు నుంచి అచ్చై నేరుగా ఖాతాదారుకు వెళ్లేది. రంగు వేసేవాడి దాకా ఆ కాగితం ఏనాడూ వచ్చేది కాదు.

ఇక్కడ ఈ వృత్తిని గురించి కొంత చెప్పవలసి ఉంది. పాతతరం మేస్త్రీలు కారు రంగును ‘డ్యూకో’ అని వ్యవహరించటం మీరు వినే ఉంటారు. అది నిజానికి ఒక కంపెనీ సరుకు పేరు. 1920లలో అమెరికాలోని డ్యూపాంట్ కంపెనీ నైట్రోసెల్యులోజ్ లాకరును ఆ పేరుతో కార్లకు ప్రవేశపెట్టింది. అంతకుముందు కుంచెతో వార్నిషు పూతలు వేసి ఒక కారును ఆరబెట్టటానికి వారాలు పట్టేది. లాకరు వచ్చాక ఆ పని వేగవంతమైంది. మన షెడ్లలో ‘ఎన్.సి.’ అని పిలిచేది ఈ జాతి రంగునే. దానితో మన తీరప్రాంతంలో ఒక చిక్కు ఉన్నది. థిన్నరు ఆవిరయ్యేటప్పుడు రేకు చల్లబడి, గాలిలోని తేమ పూత మీదకు దిగుతుంది. నిగనిగలాడవలసిన రంగు మీద తెల్లని పొగమంచు వంటి పొర పడుతుంది. వానాకాలపు ఉదయాన ఎన్.సి. రంగు కొట్టకూడదని మేస్త్రీలు అనేది ఇందుకే. ఇప్పుడు కార్లకు పి.యు. రంగులే ఎక్కువగా వాడుతున్నారు. వీటిలో హార్డెనరు కలుపుతారు. రసాయన చర్యతో పూత గట్టిపడుతుంది. మెరుపు, మన్నిక, ఖరీదు మూడూ ఎక్కువే. ప్రమాదమూ ఎక్కువే. ఆ సంగతి తరువాత చెబుతాను.

కారు తలుపు మీద చిన్న సొట్ట పడిందనుకుందాం. ముందు కడిగి, జిడ్డు, మైనం తీసివేయాలి. టింకరు సొట్టను వీలైనంతవరకు పైకి తీస్తాడు. మిగిలిన పల్లానికి హార్డెనరు కలిపిన లప్పం పెట్టాలి. అది గట్టిపడ్డాక 80 నెంబరు కాగితంతో మొదలుపెట్టి, 180, 320 వరకు మెట్టుమెట్టుగా రుద్దాలి. ఒక మెట్టు దాటవేస్తే ఆ గీతలు నెల తరువాత రంగులోంచి పైకి తేలుతాయి. తరువాత ప్రైమరు. అది ఆరాక నీళ్లతో 600, 800 కాగితాలు. ఆపైన అద్దాలు, రబ్బర్లు, పక్క రేకులు కప్పుతూ మాస్కింగు. నేల మీద నీళ్లు చల్లి దుమ్ము అణచాలి. జిగురు గుడ్డతో రేకును తుడవాలి. అప్పుడు రంగు రెండు మూడు పూతలు, పూతకూ పూతకూ నడుమ విరామం, దాని మీద క్లియరు రెండు పూతలు. గన్ను రేకుకు జానెడు దూరంలో, సమానమైన వేగంతో, ప్రతి చాలూ ముందటి చాలులో సగం మీదుగా సాగాలి. వేడి గది లేని షెడ్డులో మరునాటిదాకా ఆగాలి. చివరికి పాలిషు, విప్పిన సామాను బిగింపు. ఇన్నిటి తరువాత రేకు మీద నిలిచే రంగు మందమెంత? కంపెనీ నుంచి వచ్చిన కారు మీద అన్ని పొరలూ కలిపి సుమారు 100 నుంచి 150 మైక్రాన్లు. తల వెంట్రుకలు రెండు పక్కపక్కన పెట్టినంత. ఈ మొత్తం పనిలో గన్ను చేతిలో ఉండే సమయం గంటకు మించదు. కాని బండి యజమాని కంటపడేది ఆ గంటే.

షెడ్డు పెట్టిన ఏడెనిమిది నెలలకు ఒక ఆదివారం అతను మా ఇంటికి వచ్చాడు.

"మామయ్యా, పనికి ఖాళీ లేదు. నెలాఖరుకు మాత్రం చేతిలో ఏమీ మిగలటం లేదు. ఎక్కడ పోతోందో అర్థం కావటం లేదు" అన్నాడు.

"తలుపుకు ఎంత తీసుకుంటున్నావు?"

"మనిషిని బట్టి మామయ్యా. మామూలుగా రెండు వేలు. పెద్ద కారైతే ఇంకో ఐదొందలు. తెలిసినవాళ్లైతే వాళ్లు ఇచ్చినంత."

"ఆ రెండు వేలు అన్నది ఎక్కడి లెక్క?"

"పక్క షెడ్డులో అంతే తీసుకుంటారు."

"పక్క షెడ్డు అద్దె ఎంత?"

అతను కొంచెంసేపు ఊరుకుని, "అది వాళ్ల సొంత స్థలం మామయ్యా" అన్నాడు.

ఆ సమాధానంలోనే సగం రోగం బయటపడింది. ఇంకొకరి ధర ఇంకొకరి ఖర్చుల మీద నిలబడి ఉంటుంది. దానిని అరువు తెచ్చుకోగలమే కాని, వారి ఖర్చులను అరువు తెచ్చుకోలేము. మన ఆఫీసులో చేసే విధంగానే రేటు విశ్లేషణ చేద్దామని చెప్పి కాగితం ముందు పెట్టాను. షెడ్డు అద్దె 15,000 రూపాయలు. కరెంటు 5,000. ఇద్దరు కుర్రవాళ్ల జీతాలు 28,000. గాజుల మీది వడ్డీ, పనిముట్ల అరుగుదల కలిపి 6,000. మాస్కులు, ఫిల్టర్లు, టీలు, చిల్లర ఖర్చులు 5,000. అక్కడితో అతను కలం ఆపేశాడు.

"నీ జీతం ఏదిరా?" అన్నాను.

"నాకు జీతమేమిటి మామయ్యా, మిగిలిందంతా నాదే కదా!"

చిన్న వ్యాపారాలు పెట్టినవారిలో చాలామంది తడబడేది ఇక్కడే. యజమాని తన చేతులతో చేసే పనికి కూలి వేరు, వ్యాపారం మిగిల్చే లాభం వేరు. ఆ కూలిని ఖర్చులో రాయకపోతే, తనను తాను ఉచితంగా పనికి పెట్టుకున్నట్టే. అతని జీతం 25,000 అని రాయించాను. మొత్తం 84,000 అయింది. ముగ్గురు మనుషులు, రోజుకు 8 గంటలు, నెలకు 25 రోజులు, వెరసి 600 గంటలు. అందులో సామాను తేవటం, బేరాలు, కరెంటు పోవటం, పూత ఆరేదాకా ఎదురుచూడటం తీసివేస్తే బండి మీద నిజంగా పడే సమయం 400 గంటలకు మించదని అతనే చెప్పాడు. 84,000ను 400తో భాగిస్తే గంటకు 210 రూపాయలు.

ఇక తలుపు. సొట్ట, లప్పం, రుద్దుడు 4 గంటలు. ప్రైమరు, నీళ్ల కాగితం గంటన్నర. మాస్కింగు గంట. రంగు, క్లియరు గంట. పాలిషు, బిగింపు గంటన్నర. మొత్తం 9 గంటలకు 1,890 రూపాయలు. రంగు, క్లియరు, హార్డెనరు, ప్రైమరు, లప్పం, కాగితాలు, టేపు కలిపి సరుకు 1,400. రెండూ కలిపి 3,290. దుమ్ము పడి మళ్లీ చేయవలసి వచ్చే పనులకు, లాభానికి కలిపి నూటికి పది కలిపితే సుమారు 3,600. ఇవి ఆ రోజు ఆ షెడ్డు లెక్కలు. మరొక షెడ్డుకు అంకెలు మారుతాయి, లెక్క పద్ధతి మాత్రం మారదు. రెండు వేలకు తలుపు చేసినప్పుడు సరుకు పోగా మిగిలేది 600. తొమ్మిది గంటలకు పంచితే గంటకు 67 రూపాయలు కూడా కాదు. నెలల తరబడి ఎక్కడ పోతోందో తెలియని డబ్బు ఆ ఒక్క వరుసలో దొరికింది.

రంగులో శ్రమ పాలే ఎక్కువన్నది మన ఒక్కరి వాదన కాదు. మోటారు బీమా పత్రంలోని చిన్న అక్షరాలు చదివితే అదే కనిపిస్తుంది. రంగు పనికి అరుగుదల కింద కోత పెట్టేటప్పుడు, సరుకు ఖరీదు మీద మాత్రమే 50 శాతం తగ్గిస్తారు. బిల్లులో సరుకు, కూలి విడివిడిగా చూపకుండా ఒకే మొత్తంగా రాస్తే, అందులో 25 శాతాన్ని సరుకుగా లెక్కిస్తారు. అంటే మిగిలిన ముప్పావు వంతు శ్రమ కింద లెక్కన్నమాట. బీమా క్లెయిము ఉన్న పనికి బిల్లు ఎలా రాయాలో కూడా అతను ఈ నిబంధన చూసే నేర్చుకున్నాడు.

లెక్క తేలినంత మాత్రాన నోరు పెగలదు. 3,600 అని చెప్పటానికి అతనికి నెల పట్టింది. అడ్డంకులలో మొదటిది, చెప్పటానికి నాకే కొంత సంకోచంగా ఉన్నది, మన కాలనీయే. "మీ మామయ్య, నేను ఒకే షిఫ్టు", "మీ మామయ్య పేరు చెప్పి వచ్చాను, చూసి తీసుకో" అనేవారు వారానికి ఇద్దరు ముగ్గురుండేవారు. వారందరూ నాకు కావలసినవారే. వారిలో ఎవరికీ దురుద్దేశం లేదు. టెండర్లలో తక్కువ రేటును వెతకటం అలవాటైన కళ్లు మనవి. కాని టెండరులో తక్కువ రేటును ఒప్పుకునే ముందు మనం పని వివరాలు కూడా రాస్తాము. ఎన్ని పూతలు, ఎంత మందం, ఏ ప్రైమరు అని. షెడ్డు దగ్గర ఆ షరతులేవీ రాయకుండా రేటు మాత్రం అడుగుతాము. అప్పుడు మా మేనల్లుడికి ఒకటే చెప్పాను. "నా పేరు చెప్పినవాళ్లకు కుర్చీ వేసి టీ ఇప్పించు. ఆ టీ డబ్బులు నేనిస్తాను. తలుపు ధర మాత్రం తలుపుదే." తమ్ముడు తమ్ముడే, పేకాట పేకాటే అని పెద్దలు ఊరికే అనలేదు.

ధర తగ్గితే ఆ తగ్గింపు ఎక్కడి నుంచి వస్తుందన్నదే అసలు ప్రశ్న. పై రంగులో తగ్గదు. అది కంటికి కనిపిస్తుంది కనుక. తగ్గేది కిందనే. 180 కాగితం తరువాత 320 వాడరు. ప్రైమరు ఆరకముందే రుద్దుతారు. తుప్పు మీదనే లప్పం పూస్తారు. బండి బయటికి వెళ్లేనాటికి అద్దంలా ఉంటుంది. పైన పటారం, లోన లొటారం. రెండు వానలు పడ్డాక బుడగలు లేస్తాయి. కోత అంతటితో ఆగితే నేను ఈ వ్యాసం రాసేవాడిని కాను. పి.యు. హార్డెనరులో ఐసోసయనేట్లు అనే రసాయనాలుంటాయి. గన్ను నుంచి వచ్చే తుంపరతో అవి ఊపిరిలోకి పోతే ఉబ్బసం రాగలదు. ఒకసారి శరీరానికి అవి పడకుండా పోయాక, ఆ తరువాత అతి స్వల్పమైన మోతాదు కూడా ఆయాసం రేపగలదు. మామూలు గుడ్డ మాస్కు వాటిని ఏమాత్రం ఆపదు. బయటి నుంచి శుభ్రమైన గాలిని గొట్టం ద్వారా ముఖానికి అందించే మాస్కు అన్నిటికంటే మేలు. అది లేనిచోట తగిన ఫిల్టర్లున్న మాస్కును ముఖానికి బిగుతుగా పెట్టుకుని, ఫిల్టర్లను వేళకు మార్చటం కనీస జాగ్రత్త.

ఆ ఏడెనిమిది నెలల్లో అతను ఫిల్టర్లు ఎన్నిసార్లు మార్చాడని అడిగాను. ఒక్కసారి అన్నాడు. రాత్రిళ్లు దగ్గుతున్నాడని మా చెల్లెలు అంతకుముందే చెప్పి ఉన్నది. నాలుగు గాజులు పెట్టి కొన్న షెడ్డులో, రెండు వేల తలుపుకు లోటు పూడ్చినది అతని ఊపిరితిత్తులన్నమాట. డాక్టరు సలహా మీద మూడు వారాలు గన్ను పక్కన పెట్టాడు. అదృష్టవశాత్తు దగ్గు తగ్గింది. ఆ తరువాత మాస్కు ఖర్చును ‘చిల్లర’ నుంచి వేరుచేసి ప్రత్యేకంగా పై వరుసలో రాసుకున్నాడు. గొట్టం ద్వారా గాలి వచ్చే మాస్కు కొన్నాడు. ధర చెప్పటంలో మొహమాటం కూడా ఆనాటి నుంచే తగ్గింది. తన కోసం అడగటానికి సిగ్గుపడినవాడు, కుర్రవాళ్ల మాస్కుల కోసం అడగటానికి సిగ్గుపడలేదు.

ఇప్పుడు అతని పద్ధతి ఇది. బండిని పగటి వెలుతురులో చూడనిదే ధర చెప్పడు. ఫోనులో ఫొటో పంపితే ‘ఇంత నుంచి ఇంత’ అని మాత్రమే అంటాడు. ధరను కాగితం మీద రాసి ఇస్తాడు. ఏ రేకు, ఎన్ని పూతలు, ఏ జాతి రంగు, ఎన్ని రోజులు, ఏది ఈ ధరలో లేదు అనేవి అందులో ఉంటాయి. సరుకు మేరకు బయానా తీసుకుంటాడు. విప్పాక లోపల తుప్పు కనిపిస్తే పని ఆపి, యజమానికి చూపించి, కొత్త ధర ఒప్పుకున్నాకే ముందుకు వెళతాడు. మెటాలిక్ రంగైతే, రంగు కోడు సరిగ్గా కలిపినా ఎండకు వెలిసిన పక్క రేకుతో తేడా కనిపించవచ్చునని, పక్క రేకు మీదికి కూడా రంగును పలచగా కలపవలసి ఉంటుందని, దానికి వేరే ఖర్చని ముందే చెబుతాడు. పని అయ్యాక చెబితే సాకుగా వినిపించే మాట, ముందు చెబితే నమ్మకాన్ని పెంచుతుంది.

కొన్ని పనులను కాదనటం కూడా నేర్చుకున్నాడు. ఒకాయన పాత జీపు తెచ్చి మిలటరీ ఆకుపచ్చ రంగు వేయమన్నాడు. మంచి బేరమే. కాని రక్షణశాఖ వాహనాలకు తప్ప మరి దేనికీ ఆలివ్ గ్రీన్ రంగు వేయరాదని 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమావళి చెబుతున్నది. బండి రంగు పూర్తిగా మార్చమని వచ్చేవారికి, రిజిస్ట్రేషన్ పత్రంలో రంగు నమోదై ఉంటుంది కనుక ముందు రవాణా కార్యాలయానికి వెళ్లి రమ్మంటాడు.

ధర పెంచిన కొత్తలో బండ్లు తగ్గాయి. అతను బెంగపడ్డాడు, మా చెల్లెలు మరింత బెంగపడింది. వెళ్లినవారిలో కొందరు తిరిగి వచ్చారు, కొందరు రాలేదు. అయితే చేసిన ప్రతి బండి మీదా ఎంతో కొంత మిగలటం మొదలైంది. నాలుగు గాజులలో రెండు 2023లో ఇంటికి చేరాయి. మిగిలిన రెండు ఇంకా బ్యాంకులోనే ఉన్నాయి. అవీ వస్తాయన్న ధైర్యం మాత్రం ఇప్పుడున్నది.

ఈ వృత్తిలోకి రాదలచిన యువకులకు ఒక మాట. మొదట పాత సామాను కొట్టులో పనికిరాని బానెట్లు, తలుపులు కొని వాటి మీద చేయి సాధన చేయండి. మొదటి ఏడాది బంపర్లు, స్కూటరు రేకులు, ఒక్కొక్క తలుపు, ఇంతవరకే ఒప్పుకోండి. పూర్తి కారు రంగు చేతికి వచ్చిన పెద్ద బేరంలా కనిపిస్తుంది గాని, తప్పు జరిగితే షెడ్డునే మింగగలదు. ప్రతి పనికీ పట్టిన గంటలు గోడ మీది క్యాలెండరులోనైనా రాసుకోండి. ఆరు నెలల ఆ రాతలే మీ రేట్ల పుస్తకం.

ఇక బండ్లున్న మిత్రులకు నా మనవి. ఈసారి షెడ్డుకు వెళ్లినప్పుడు "ఎంత తగ్గిస్తావు?" అని అడిగే ముందు, "రంగు కింద ఏమేమి చేస్తావు?" అని ఒకసారి అడిగి చూడండి. ఆ ప్రశ్నకు తడుముకోకుండా, వరుస తప్పకుండా సమాధానం చెప్పగలిగినవాడు మేనల్లుడైనా, ముక్కూమొహం తెలియనివాడైనా, అతను అడిగిన ధర ఇవ్వవచ్చును.